కారు దొంగ పట్టుకుపోయాడు... విలువ మాత్రం మనమే పోగొట్టుకున్నాం

"అమ్మాయ్, వాకిట్లో కారు లేదే..."

2024 ఏప్రిల్ 22న తెల్లారి ఆరు గంటలకి మా వదిన చేసిన ఫోను ఇది. నిద్రమత్తులో నాకు ముందు అర్థం కాలేదు. కారు లేకపోవడమేమిటి? దాన్ని నడిపే మనిషి, మా అన్నయ్య, ఫిబ్రవరి 4న పోయాడు. అప్పట్నించీ ఆ కారు మీద కప్పిన గుడ్డ ఎవరూ తీయలేదు. ఇప్పుడు గుడ్డ మాత్రం వేపచెట్టు కింద పడి ఉంది. కారు లేదు.

కారు పోతే బీమా ఉంది కదా, డబ్బులొస్తాయి కదా అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. ఆ డబ్బు చేతికి రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. వచ్చింది నలభై నాలుగు వేలు. ఆ కారు మీద అన్నయ్య పెట్టింది రెండు లక్షల డెబ్భై అయిదు వేలు. ఈ తేడా ఎక్కణ్నించి వచ్చింది? దొంగ వల్ల కాదు. పోలీసుల వల్ల కాదు. నిజం చెప్పాలంటే పూర్తిగా బీమా కంపెనీ వల్ల కూడా కాదు. మేం చదవకుండా బీరువాలో పెట్టేసిన ఒక కాగితం వల్ల. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పద్మిని అంటే తెలుసు కదా?

నలభై దాటిన వాళ్లకి చెప్పక్కర్లేదు. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయిన బండి. చిత్తోడ్ రాణి పేరు. స్టీరింగ్ పక్కనే గేరు, ముందు కూడా బల్లలాంటి సీటు. ఆ ముందు సీట్లో నాన్న, అమ్మ, మధ్యలో నేను కూచుని అన్నవరం వెళ్లడం నాకు ఇంకా గుర్తు. బొంబాయిలో నల్లా పసుపు టాక్సీలుగా తిరిగిన పద్మినిలు 2023 అక్టోబరు చివరితో ఆ రోడ్ల మీంచి సెలవు తీసుకున్నప్పుడు పేపర్లన్నీ ఫొటోలు వేశాయి.

మాది 1982 మోడల్. నాన్న కొన్నది. నాన్న పోయాక అన్నయ్య ఆర్‌సీ తన పేరుకి మార్పించుకున్నాడు. రిటైరయ్యాక మూడేళ్లు దానికే అంకితమయ్యాడు. ఇంజను విప్పించాడు. టింకరింగ్, పెయింటింగ్, సీట్లకి కొత్త రెగ్జిన్. ముందు బంపరు కోసం హైదరాబాద్ రెండుసార్లు తిరిగాడు. "ఈ డబ్బుతో మారుతీ వచ్చేది కదండీ" అని వదిన అంటే, "మారుతీలో మా నాన్న కూచోలేదుగా" అనేవాడు.

ఇలాంటి బండిని ఇప్పుడు క్లాసిక్ కారంటున్నారు. వెతుక్కుంటూ వచ్చి కొనేవాళ్లున్నారు. మూడు లక్షలు ఇస్తామని అన్నయ్యనే అడిగారు. అంటే, తుక్కు అనుకుని వాకిట్లో వదిలేసిన బండికి కూడా దొంగ దగ్గర ఒక ధర ఉందన్నమాట.

మొదటి రోజు

గోదావరి ఒడ్డున చిన్న టౌను మాది. స్టేషన్‌కి వెళ్తే ముందు "పాత బండే కదమ్మా, రెండ్రోజులు చూద్దాం, ఎక్కడో దొరుకుతుంది" అన్నారు. వదిన కుర్చీలోంచి లేవలేదు. "చూడండి బాబూ, కానీ కంప్లయింట్ రాసుకుని చూడండి" అంది. సాయంత్రానికి ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చింది. మర్నాడు బీమా ఏజెంటుకి ఫోను చేశాం. మూడో రోజున కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకున్నాం. ఆర్‌టీవో ఆఫీసులో కూడా ఒక అర్జీ ఇచ్చాం, ఆ నెంబరు మీద ఎవరూ పేరు మార్పించుకోకుండా.

ఆ మొండితనం ఎంత విలువైనదో తర్వాత తెలిసింది. బండి పోయినప్పుడు కంపెనీలు ఎక్కువగా పట్టుకునే మాట "ఆలస్యంగా చెప్పారు" అన్నది. దీని మీద సుప్రీంకోర్టు దాకా చాలా కేసులు వెళ్లాయి. 2020 జనవరిలో ముగ్గురు జడ్జీల బెంచి ఒక ట్రాక్టరు కేసులో తేల్చి చెప్పింది. ఆ రైతు దొంగతనం జరిగిన రోజే పోలీసులకి చెప్పాడు, కంపెనీకి మాత్రం 52 రోజుల తర్వాత చెప్పాడు. పోలీసులకి వెంటనే చెప్పి, వాళ్లు వెతికి దొరకలేదని రిపోర్టు ఇచ్చాక, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయకూడదని కోర్టు అంది. 2022 ఫిబ్రవరిలో ఇంకో లారీ కేసులో కంపెనీకి చెప్పడానికి అయిదు నెలలు పట్టినా అదే మాట అంది. అక్కడ కూడా ఎఫ్‌ఐఆర్ మర్నాడే అయింది.

అలా అని కంపెనీకి తీరిగ్గా చెప్పొచ్చని కాదు. రెండూ వెంటనే చేయాల్సినవే. కానీ మొదటి పరుగు స్టేషన్‌కి ఉండాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టం ప్రకారం ఫిర్యాదు ఆన్‌లైన్లో కూడా పంపొచ్చు. మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

"సార్ లేరా మేడం?"

కంపెనీ నుంచి వచ్చిన మొదటి ఫోను ఇలాగే మొదలైంది. సార్ లేరని, అందుకే తను మాట్లాడుతున్నానని వదిన చెప్పింది. పదిహేను రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. పాలసీదారు చనిపోయారు, దొంగతనం నాటికి బండీ పాలసీ ఆయన పేరు మీదే ఉన్నాయి, కనుక క్లెయిము పరిశీలించలేమని.

నాకు చాలా కోపం వచ్చింది. వదినకి కోపం రాలేదు. ఆవిడ పాలసీ కాగితాలు తీసింది. రెండు సాయంత్రాలు అన్నయ్య భూతద్దం పెట్టుకుని చదివింది. డిగ్రీ చదివిన నేను ఏనాడూ ఆ సన్నక్షరాల జోలికి పోలేదు. మూడో రోజు ఫోను చేసి, "తొమ్మిదో షరతు చదువుతా, విను" అంది.

అందులో ఉన్నదిది. పాలసీదారు చనిపోతే పాలసీ వెంటనే రద్దు కాదు. చనిపోయిన రోజు నుంచి మూడు నెలల దాకా, లేదా పాలసీ గడువు ముగిసేదాకా, ఏది ముందయితే అంతవరకూ చెల్లుతుంది. ఆ లోపల వారసులు తమ పేరుకి మార్పించుకోవచ్చు, లేదా కొత్త పాలసీ తీసుకోవచ్చు.

వేళ్ల మీద లెక్కేశాం. ఫిబ్రవరి 4 నుంచి ఏప్రిల్ 22కి 78 రోజులు. మే 4 దాకా గడువుంది. పాలసీ నవంబరులో రెన్యువల్ చేసింది కనుక అదీ నడుస్తోంది. దొంగ ఇంకో పదమూడు రోజులు ఆగి వచ్చుంటే మాకు పైసా వచ్చేది కాదు!

తొమ్మిదో షరతు కింద గీత గీసి, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పిల్లలిద్దరి నిరభ్యంతర పత్రాలు జత చేసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపాం. నెలలోపే ఫైలు మళ్లీ తెరిచారు.

ఆర్‌సీకి కూడా ఇలాంటి గడువే ఉంది. యజమాని చనిపోతే ముప్పై రోజుల్లో ఆర్‌టీవోకి చెప్పాలి. మూడు నెలల్లో వారసుల పేరుకి మార్చమని ఫారం 31లో అర్జీ పెట్టాలి. ఈ పని తేలిక చేయడానికే 2021లో మోటారు వాహనాల నిబంధనలు మార్చి, ఆర్‌సీలో నామినీ పేరు రాసుకునే వీలు కల్పించారు. బ్యాంకు ఖాతాకి నామినీ రాస్తాం, ఎల్‌ఐసీకి రాస్తాం. బండికి రాయొచ్చని మనలో ఎంతమందికి తెలుసు?

ఆలోచించండి. భర్త పోయిన మొదటి మూడు నెలలు ఏ ఆడది కారు ఆర్‌సీ గురించి ఆలోచిస్తుంది? పెద్దకర్మ, సంవత్సరీకాల మాట, పెన్షన్ కాగితాలు, బ్యాంకు, వచ్చేపోయే చుట్టాలు. సరిగ్గా ఆ మూడు నెలలే చట్టం లెక్కపెడుతుంది. అందుకే ఈ పని ఆ మూడు నెలలకి వదలకూడదు. మనుషులు బాగున్నప్పుడే చేసి పెట్టుకోవాలి.

అసలు దెబ్బ

పేరు గొడవ తీరింది. ఇక డబ్బొస్తుందని ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు తెలిసింది, పాలసీలో కారు విలువ అని రాసి ఉన్న అంకె 45,000.

దీన్ని ఐడీవీ అంటారు. పాలసీ తీసుకునేటప్పుడు కారు విలువ ఇంత అని మనమూ కంపెనీ ఒప్పుకున్న మొత్తం. బండి దొంగతనానికి పోయినా, బాగుచేయలేనంతగా పాడైనా ఇచ్చేది అదే. అయిదేళ్ల లోపు బండికి దీనికో పట్టిక ఉంది. ఆర్నెల్ల లోపయితే అయిదు శాతం తగ్గింపు, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, అలా పెరుగుతూ నాలుగు నుంచి అయిదేళ్ల మధ్య 50 శాతం.

మరి అయిదేళ్లు దాటితే? తయారీ ఆగిపోయిన మోడలయితే? పట్టిక అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత విలువ ఎంతన్నది కంపెనీ, మనం మాట్లాడుకుని ఒప్పుకోవలసిందే. 2002 నాటి మోటారు టారిఫ్‌లో ఈ మాట స్పష్టంగా రాసి ఉంది. 

అంటే పాత కారుకి "ఇంతే వస్తుంది" అన్న రూలు ఏదీ లేదు. మాట్లాడుకోవాలి. మా ఇంట్లో ఎవరు మాట్లాడారు? ఎవరూ మాట్లాడలేదు. ఏజెంటు ఏటా పాత కాగితం చూసి ఒక అంకె వేసేవాడు. అన్నయ్య చెక్కు ఇచ్చేవాడు. మూడేళ్లు కారుని కొత్తది చేసుకున్న మనిషి కాగితం మీద మాత్రం దాన్ని పాతదిగానే ఉంచేశాడు.

ఏజెంటుని తప్పుపట్టి లాభం లేదు. లెక్క చూడండి. పాత టారిఫ్‌లో పదేళ్లు దాటిన ఇలాంటి కారుకి సొంత నష్టం ప్రీమియం విలువలో మూడున్నర శాతం దరిదాపుల్లో ఉండేది. 2007 నుంచి ఎవరి రేటు వాళ్లదే అయినా, అర్థం కావడానికి ఆ లెక్కే తీసుకుందాం. 45,000కి ప్రీమియం పదిహేను వందలు. మూడు లక్షలకి పదివేల పైన. "సార్, మీకు ప్రీమియం తగ్గించాను" అంటే ఎవరికి చేదు? ఏడాదికి ఎనిమిది వేల పైన మిగిలిందనుకున్నాం. ఆ మిగులు ఖరీదు రెండున్నర లక్షలు.

అక్కడితో అయిపోలేదు. కారు 42 ఏళ్ల నాటిది కనుక 45,000లో కూడా తరుగు తీసి ముప్పై వేలు ఇస్తామన్నారు. ఈసారి మాత్రం నేనే చదివాను. పాలసీ నడుస్తున్నంత కాలం ఆ ఐడీవీనే మార్కెట్ విలువగా లెక్కగట్టాలని, దొంగతనం లాంటి పూర్తి నష్టంలో దాన్నించి మళ్లీ తరుగు తీయకూడదని పాలసీలోనే ఉంది. ఆ ముక్క చూపించాక ఒప్పుకున్నారు. తప్పనిసరిగా మినహాయించే వెయ్యి రూపాయలు పోగా 44,000 తేలింది. ఇది 1500 సీసీ లోపు కార్లకి. అది దాటితే రెండు వేలు మినహాయిస్తారు.

అన్నయ్య దాచిన మెకానిక్ చిట్టీలు, పెయింటు బిల్లులు ఒక కవరు నిండా ఉన్నాయి. అవన్నీ పట్టుకెళ్లి చూపించాం. కంపెనీ ఆఫీసర్ మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, ఇవి నవంబరులో చూపించాల్సినవి."

ఆ ఒక్క మాటకి మా దగ్గర జవాబు లేదు.

చట్టానికి తెలియని క్లాసిక్

పాత కార్లకి ప్రత్యేక నిబంధనలున్నాయి కదా అని మీరనొచ్చు. ఉన్నాయి, వింటేజ్ కార్లకి. 2021 జులైలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన సొంత బండ్లు, స్కూటర్లయినా కార్లయినా, వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నెంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. ర్యాలీకో ప్రదర్శనకో, పెట్రోలుకో రిపేరుకో తప్ప రోజూ రోడ్డెక్కించకూడదు. 2022 జూన్ నుంచి ఇలాంటి కార్లకి థర్డ్ పార్టీ ప్రీమియం సగానికి తగ్గించారు. ఇక 2002 టారిఫ్‌లో వింటేజ్ అంటే 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ కార్ల క్లబ్బు సర్టిఫికెట్ ఉన్నవే.

మా 1982 పద్మినికి యాభై ఏళ్లు నిండేది 2032లో. అంటే అది కొత్తదీ కాదు, వింటేజూ కాదు. మనం ముద్దుగా క్లాసిక్ అంటాం గానీ ఈ నిబంధనల్లో ఆ మాటకి ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. అంబాసిడర్, పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్, మొదటి తరం మారుతీ 800... మన ఇళ్లల్లో షెడ్లలో ఉన్న బండ్లు చాలావరకూ ఈ మధ్య గదిలోవే. వాటికి రక్ష ఒక్కటే, రెన్యువల్ రోజున మనం పట్టుబట్టి రాయించుకునే అంకె.

ఇంకా ఘోరం, చాలా పాత బండ్లకి ఆ అంకె కూడా ఉండదు. "పాత బండికి థర్డ్ పార్టీ చాలండీ" అంటారు. థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివాళ్లకి మన బండి వల్ల జరిగే నష్టానికి. దొంగ ఎత్తుకుపోతే దాని కింద ఒక్క రూపాయి రాదు. ప్యాకేజీ పాలసీ, అదే కాంప్రహెన్సివ్, ఉంటేనే దొంగతనానికి డబ్బు.

రిజిస్ట్రేషన్ సంగతి కూడా చూసుకోవాలి. సొంత కారు ఆర్‌సీ పదిహేనేళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకి వచ్చిన ఒక కేసులో, తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు అయిపోయిన బొలేరో దొంగతనానికి పోయింది. రిజిస్ట్రేషన్ లేకుండా బండి వాడటం పాలసీ షరతుల ఉల్లంఘన అని చెప్పి కోర్టు క్లెయిము ఇవ్వనక్కర్లేదంది. అన్నయ్య 2022లో రెన్యువల్ చేయించి ఉండబట్టి మేం ఆ గండం దాటాం.

రెండో తాళం చెవి

దొంగతనం క్లెయిముల్లో రెండు తాళం చెవులూ ఇమ్మంటారు. బండిని మనమే ఎవరికో ఇచ్చి దొంగతనమంటున్నామా అని వాళ్ల అనుమానం. మా పద్మినికి రెండోది నాన్న హయాంలోనే పోయింది. నలభై ఏళ్ల కిందటి తాళం చెవి ఎక్కణ్నించి తేవడం? కొత్తది చేయించి ఇవ్వమని ఒకాయన సలహా ఇచ్చాడు. వదిన ఒప్పుకోలేదు. "పోయింది పోయిందనే రాద్దాం. ఒక్క అబద్ధం దొరికితే మన నిజాలన్నీ పోతాయి" అంది. స్టాంపు కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి అఫిడవిట్ ఇచ్చాం. పరిశోధకుడు వచ్చి వాకిలి చూసి, పక్కింటివాళ్లని అడిగి, ఒప్పుకున్నాడు.

తాళం చెవి బండిలోనే వదిలేసినవాళ్లయినా నిజం దాచక్కర్లేదు. 2023లో ఒక లారీ కేసు. డ్రైవరు ఇగ్నిషన్‌లో తాళం వదిలి దిగాడు, లారీ పోయింది. అజాగ్రత్త ఉన్నా మొత్తం కొట్టేయడం సరికాదని, క్లెయిములో 75 శాతం ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పింది.

దొరికితే నాకివ్వరా?

నెలలు గడిచాక పోలీసులు బండి దొరకలేదని ఫైనల్ రిపోర్టు వేశారు. ఆ రిపోర్టు లేనిదే క్లెయిము తేలదు. ఆ తర్వాత కంపెనీ ఆఫీసులో సంతకాల రోజు వచ్చింది. ఫారం 28, 29, 30. స్టాంపు కాగితం మీద హామీ పత్రం. హక్కులు కంపెనీకి అప్పగిస్తూ ఉత్తరం.

వదిన ఆ ఉత్తరం చదివి పెన్ను పక్కన పెట్టింది.

"తర్వాత కారు దొరికితే నాకివ్వరా బాబూ?"

"దొరికితే కంపెనీదమ్మా. మీకు డబ్బిచ్చేశాంగా."

వదిన చాలాసేపు మాట్లాడలేదు. డ్యాష్‌బోర్డు అరలో అన్నయ్య కళ్లజోడు పెట్టె ఉండిపోయిందట. మాకెవ్వరికీ చెప్పలేదు ఆ మాట. నాకయితే వద్దు, లేచిపోదాం అనిపించింది. కానీ కూతురి కాన్పు ముందుంది. పెన్షన్ ఇంకా తేలలేదు. నలభై నాలుగు వేలు ఆ రోజుకి చిన్న మొత్తం కాదు. చివరికి ఆవిడే అంది, "కళ్లజోడు పెట్టె దొరికితే మాత్రం పంపించండి. దానికి బీమా లేదు." సంతకం పెట్టేసింది.

ఇది అందరూ తెలుసుకోవలసిన సంగతి. క్లెయిము తీసుకునే ముందే బండి దొరికితే, మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టుకుని తాత్కాలిక కస్టడీకి తెచ్చుకోవచ్చు. స్టేషన్లలో బండ్లు తుప్పు పట్టిపోకుండా త్వరగా యజమానులకి అప్పగించాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. డబ్బు తీసుకున్నాక మాత్రం బండి కంపెనీదే. జ్ఞాపకం విలువైనదయితే, దొరికితే మాకే మొదట అమ్మండని ఒక విన్నపం రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. కంపెనీ ఒప్పుకోవాలని లేదు. అడగడంలో తప్పూ లేదు.

మొండికేస్తే ఎక్కడికి వెళ్లాలి?

మాకు కంపెనీ ఫిర్యాదుల విభాగం దగ్గరే పని జరిగింది. అక్కడ నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉంటున్న ఊరి పరిధిలోనే కేసు వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపయితే ఫీజు ఉండదు.

2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఉత్తర్వు కూడా గుర్తుంచుకోండి. కాగితాలు లేవన్న కారణంతో క్లెయిము తిరస్కరించకూడదు. సంబంధం లేని కాగితాలు అడక్కూడదు. "ఆ కాగితం తెండి, ఈ కాగితం తెండి" అని తిప్పుతుంటే, ఏమేం కావాలో ఒకేసారి రాసి ఇమ్మనండి.

అయితే ఒకటి. ఏ అంబుడ్స్‌మనూ, ఏ కోర్టూ మా 45,000ని మూడు లక్షలు చేయలేదు. మనమే ఒప్పుకుని రాయించుకున్న అంకె అది.

ఈ ఆదివారం ఒక గంట

బండి కాగితాలు మగవాళ్ల సంగతి అని మనకి ఎవరో చిన్నప్పుడే చెప్పేశారు. మనం నమ్మేశాం. ఇల్లు దిద్దుకునేది మనం, చీటీపాట లెక్క చూసేది మనం, పాలవాడి బాకీ గుర్తుంచుకునేది మనం. ఆర్‌సీ మాత్రం ముట్టుకోం. నా స్కూటీ ఆర్‌సీ తీసి చూసుకుంటే, నేను కొనుక్కున్న బండి మీద మా వారి పేరుంది! ఆయన్నేం అనను. సంతకం పెట్టడానికి నేనే వెళ్లలేదు.

కాబట్టి ఈ ఆదివారం బీరువా తీయండి.

* ఆర్‌సీలో ఎవరి పేరుంది? వాళ్లు బతికే ఉన్నారా? నామినీ రాశారా? రిజిస్ట్రేషన్ ఏ తేదీ దాకా ఉంది?

* పాలసీ థర్డ్ పార్టీ మాత్రమేనా, ప్యాకేజీనా? ఎప్పటిదాకా?

* ఐడీవీ ఎంత? ఆ డబ్బుతో అలాంటి బండి మళ్లీ కొనగలరా? లేకపోతే రెన్యువల్ నెల ముందే ఫొటోలు, రిపేరు బిల్లులు, వాల్యుయర్ సర్టిఫికెట్ పెట్టి విలువ పెంచమని రాయండి. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీని అడగండి. ప్రీమియం పెరుగుతుంది. భరించగలరో లేదో తెలిసి నిర్ణయించుకోండి, తెలియక కాదు.

* మెకానిక్ దగ్గర చిట్టీ కాదు, బిల్లు తీసుకోండి.

* తాళం చెవులు రెండూ ఉన్నాయా? ఒకటి పోతే ఎప్పుడు పోయిందో ఈ రోజే రాసి పెట్టండి.

* ఇంట్లో ఎవరైనా పోతే, దుఃఖంలో మీకు గుర్తుండదు. ఈ మూడు నెలల మాట మీ చెల్లెలికో ఆడపడుచుకో చెప్పి ఉంచండి. వాళ్లు గుర్తు చేస్తారు.

మా వదిన ఇల్లు ఇప్పుడు ఆవిడ పేరు మీదే ఉంది. గ్యాసు కనెక్షనూ, కరెంటు మీటరూ కూడా మార్పించుకుంది. మొన్న సంక్రాంతికి వెళ్తే వాకిట్లో కారుండే చోట ముగ్గు పెద్దదయింది. లోపలికి పిలిచి ఒక ఫైలు చూపించింది. పైన స్కెచ్ పెన్నుతో "తేదీలు" అని రాసుంది. అందులో మొదటి కాగితం, ఆ తొమ్మిదో షరతు. కింద గీత గీసింది గీసినట్టే ఉంది.